కరియాకు వేసిన బిస్కెట్

లేదన్నా, పాడైందని కాదు నేను ఆ బిస్కెట్ లాక్కున్నది. కంబదూరు బస్టాండులో ఎవరో కొత్తాయన మా కుక్క కరియాకు దాన్ని వేయగానే అవ్వ గుర్తొచ్చింది.

మీ ఇళ్లలోనూ కుక్కకో సొట్ట గిన్నె ఉండేది కదా? అప్పటి మా కుక్క అందులో మజ్జిగ సంగటే తినేది. నా చిన్నప్పుడు ఒకాయన మా గొర్రెల దొడ్డికొచ్చి దానికి మాంసం ముక్క వేశాడు. అవ్వ దాని నోట్లోంచి పీకేసింది.

“ఏమప్పా, పండగకూ మాకు దొరకని కూర మా కుక్కకేల?”

“ముద్దొచ్చిందవ్వా.”

“దొడ్డికాడ రాత్రి ఎవరు పండుకుంటారని అడిగితివే, అదీ ముద్దుకేనా?”

ఆయన వెంటనే బండెక్కాడు. రాత్రి కుక్క అరవకుండా మందు పెట్టుంటాడని అవ్వ ఆ ముక్కను గుంత తీసి పూడ్చింది.

ఈ బిస్కెట్టాయన కూడా “మీ దొడ్డి యాడుండాదప్పా?” అని అడిగాడు. బిస్కెట్ ఇంకా నా జేబులోనే ఉంది, కరియా వాసన చూస్తోంది. పెట్టమంటారా, పూడ్చమంటారా?