మీట కిందికి దించితే

మా మామకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. పుదుచ్చేరిలో తరతరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్ళలో చాలామంది ఇంతే. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. నేను నెల్లూరు నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. ఆయన ఎప్పటికీ చదవలేరన్న ధైర్యంతోనే, పాప పడుకున్నాక, ఇది రాస్తున్నాను. మామను ఎదురుగా మెచ్చుకునే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఇది జరిగినప్పటికి పాపకు ఇంకా రెండేళ్ళు నిండలేదు. అప్పుడు మేము ఊళ్ళోనే సారం అనే పేటలో అద్దెకుండేవాళ్ళం. మా ఆయనకు రిమోటుతో ఎగిరే విమానాల పిచ్చి. పెట్రోలు పోసేవి కావు, బ్యాటరీవి. థర్మోకోలు చెక్కి, టేపు అంటించి, తానే తయారుచేసేవారు. రెక్కలతో కలిపి చూస్తే ఒక్కోటి మా భోజనాల బల్లంత ఉండేది. మిగతా అంతా బొమ్మే గాని, ముక్కు దగ్గర తిరిగే ఫ్యాను మాత్రం బొమ్మ కాదు. అది తిరుగుతున్నప్పుడు కంటికి కనిపించదు కూడా.

ఒక ఆదివారం ఆయన హాల్లో కూర్చుని విమానానికి బ్యాటరీ తగిలించారు. రిమోటు మీద వేగం పెంచే పుల్ల అంతకుముందే పైకి జరిగి ఉంది. ఎవరూ చూడలేదు. తగిలించిన క్షణంలోనే ఫ్యాను తిరిగింది. ఆయన వేలికి మూడు కుట్లు పడ్డాయి. పాప అప్పుడు ఆయన మోకాలిని పట్టుకుని నిలబడి ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చాక, ఆయన్ని మళ్ళీ అక్కడే కూర్చోబెట్టి, ఫ్యానుకూ పాప చెంపకూ మధ్య ఎంత దూరముందో జానతో కొలిచాను. జానన్నర.

"ఇది ఇంట్లో ఉంటే నేనుండను. పాపను ఎత్తుకుని నెల్లూరు బండెక్కుతా," అన్నాను.

"చుమ్మా బెదిరిస్తా ఉంది నాయనా," అన్నారు మా ఆయన, కట్టు కట్టిన వేలిని చూసుకుంటూ.

"ఉత్తినే కాదు."

మామ మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ మాట్లాడరు. ముదలియార్‌పేట వైపు ఒక బట్టల మిల్లులో ఎలక్ట్రీషియనుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ రోజు మాత్రం ఆ విమానాన్ని తలకిందులు చేసి చూసి, "ఒక వారం ఇయ్యి మ్మా," అన్నారు. "కరెంటు తగిలించే చెయ్యీ, తిరిగే ఫ్యానూ ఒక్క చోట ఉండాయి. అదే దా తప్పు. రెండిట్నీ దూరం చేసేద్దాం."

ఆ వారమంతా ఆయన కిటికీ దగ్గర కూర్చుని పనిచేశారు. బ్యాటరీకీ మోటారుకూ మధ్య ఒక రిలే పెట్టారు. అది అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. లోపల సన్నటి కరెంటు వస్తే ఒక రేకు కదిలి, పెద్ద కరెంటుకు దారి ఇస్తుంది. మిల్లులో మనిషంత ఎత్తు మోటార్లను కూడా ఇలాగే, దూరంగా నిలబడి, తిప్పేవాళ్ళట. తేడా ఒక్కటే. అక్కడ మనిషి నుంచి మోటారు దాకా వైరు ఉంటుంది. ఇక్కడ ఉండదు. రిమోటు మీద పైమూలన ఖాళీగా ఉన్న చిన్న మీటను ఈ పనికి కేటాయించారు. మీట పైకి ఉంటే మోటారుకు కరెంటు ఉన్నట్టు, కిందికి దించితే పోయినట్టు.

"మిల్లులో మెయిన్ స్విచ్చి అట్లనే ఉంటాది," అని చెప్పారు. "ఆ ఇనప పిడి దాని బరువుకి అదే జారి కింద పడిందనుకో, కరెంటు పోవాల గాని రాకూడదు. మనిషి ప్రాణం దాని మీద ఉంటాది గదా."

నాకు ఆ మాట ఎంతో బాగుందనిపించింది. తల ఊపాను.

విమానానికి పెట్టే ముందు మోటారు బదులు ఒక చిన్న బల్బు తగిలించి చూశాం. ముందు వంటింట్లో నిలబడి నేను మీట పైకి తోస్తే హాల్లో బల్బు వెలిగింది. తరువాత మిద్దె మీద నుంచి. సాయంత్రం మసక పడుతుండగా మామ ఆ సరంజామా అంతా పసుపు గుడ్డసంచిలో వేసుకుని, బల్బు ఒక్కటి చేత్తో పైకెత్తి పట్టుకుని వీధి వెంట నడిచారు. నేను మిద్దె మీద రిమోటుతో నిలబడ్డాను. ఆయన టీ కొట్టు దాటారు. సైకిళ్ళు, బడి నుంచి వచ్చే ఆటో, అడ్డంగా పడుకున్న ఆవు, అన్నీ దాటి, వీధి చివర చొక్కా తెల్లదనం తప్ప ఆయన కనిపించని చోట ఆగారు. నేను గోరంత మీటను పైకి తోశాను. అక్కడ, అంత దూరాన, ఒక చుక్క వెలిగింది.

బి.ఎస్సీ.లో రేడియో తరంగాల మీద నాలుగు పేజీల జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ నాలుగు పేజీల్లో ఇది లేదు. నా వేలికీ ఆ చుక్కకూ మధ్య ఏమీ లేదు. ఎవరూ తలెత్తి చూడలేదు. ఆవు కదల్లేదు. వాళ్ళందరి ఒంట్లోంచీ నా మాట దూసుకుపోయి, వెతుక్కుని, ఆయన చేతిలోని బల్బులో ఆ ఒక్క సన్నటి తీగనే వెలిగించింది. దించాను, ఆరిపోయింది. మళ్ళీ తోశాను.

మామ బల్బు అలాగే పట్టుకుని మా మిద్దె కిందికి వచ్చేసరికి, మూలింటి పూలక్క ఎదురై నవ్వడం పైకి వినిపించింది. "ఏందన్నా, చేత్తో దీపం పట్టుకోని కోడలికి దారి చూపిస్తా ఉండావా?"

"దారి కాదక్కా. ఆడ నిలబడుకోని అది నన్ను వెలిగిస్తా ఉంది," అన్నారు మామ.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఇంకొకటి చెప్పారు. మీట వేస్తే రిమోటు ఒక్కసారి చెప్పి ఊరుకోదట. సెకనుకు యాభై సార్లు, ఆపకుండా, ఉండు, ఉండు, ఉండు అని చెబుతూనే ఉంటుందట. ఆ చెప్పడం ఆగిపోతే, రిమోటు పాడైనా, విమానం అందనంత దూరం పోయినా, రిలే తనంతట తానే కరెంటు తీసేస్తుంది. అన్నం ముందు పెట్టుకుని చాలాసేపు దాని గురించే ఆలోచించాను. పాప నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే అలవాటు నాది. ఇంత చిన్న పెట్టె అంత జాగ్రత్తగా ఉండగలగడం నాకు వింతగా, కొంచెం ఊరటగా కూడా అనిపించింది.

నెల్లూరు ప్రయాణం మానుకోలేదు, వాయిదా వేశాను. "ముందు బయట చూపించండి. పాప ఉండగా దీన్ని నడిపించగలమని నాకు నమ్మకం కలిగితే ఇంట్లో ఉంటుంది. లేకపోతే లేదు," అన్నాను.

ముదలియార్‌పేట దాటాక, ప్లాట్ల కోసం చదును చేసి వదిలేసిన బయలు ఒకటుంది. వైతికుప్పం జాలర్లు పడవలు నీళ్ళలోకి తోసే వేళకే మేము ఇల్లు వదిలేవాళ్ళం, ఎండ ఎక్కితే సముద్రం గాలి మొదలవుతుందని. అక్కడ మామ మిల్లు పద్ధతి ఒకటి పెట్టారు. మోటారుకు కరెంటు ఇచ్చే ముందు ఆయన "చేతులు" అంటారు. అందరూ రెండు చేతులూ పైకెత్తి చూపించాలి. ఒక్క చెయ్యి కనిపించకపోయినా కరెంటు ఇవ్వకూడదు. రిమోటు పట్టుకున్న మా ఆయన కూడా దాన్ని మెడకు వేలాడేసుకుని చేతులు ఎత్తాల్సిందే. పాపకు ఇది ఆట. మోటారు శబ్దం ఎక్కడ విన్నా, ఇంట్లో మిక్సీ తిరిగినా సరే, చేతులెత్తడం మొదలుపెట్టింది.

మొదటి రోజు అంతా బాగా జరిగింది. విమానం ఎగిరింది, తిరిగింది, దూరంగా గడ్డిలో దిగి ఆగింది. మా ఆయన రిమోటు నా చేతికిచ్చి, "పట్టుకో, ఏదీ తాకబాక," అని దాన్ని తేవడానికి నడిచారు. విమానం దిగిన సంతోషంలో మీట కిందికి దించడం మరిచిపోయారు.

మామ కింద పరిచిన చాప తీయడానికి వంగారు. ఆయన వేలు వదిలించుకుని పాప పరుగెత్తింది. ఆగి చెప్పులో ముల్లు తీసుకుంటున్న వాళ్ళ నాన్నను దాటేసి, తిన్నగా విమానం వైపు. నేను పిలవబోతూ చెయ్యి చాచాను. అప్పుడే గాలి లేచింది. నా పైటకొంగు ఎగిరి రిమోటు మీద పడి, వేగం పెంచే పుల్లను లాక్కుపోయింది. అవతల గడ్డిలో ఫ్యాను లేచింది.

నా వేలు మీట మీదికే పోయింది. అంతవరకు సరిగ్గానే చేశాను. పైకి తోశాను. అది కదల్లేదు. ఇంకా గట్టిగా తోశాను. పుట్టిన దగ్గర్నుంచి గోడ మీద ఏ స్విచ్చినైనా పైకి తోసే ఆర్పాను, కిందికి నొక్కే వెలిగించాను. మా ఊళ్ళో అయినా, ఈ ఊళ్ళో అయినా అంతే. కిందికి లాగితే మరింత తిప్పుతానన్న భయంతో, ఇక జరగని మీటను పైకే తోస్తూ నిలబడ్డాను.

"కిందికి మ్మా," అన్నారు మామ. అరవలేదు. టైమెంతో చెప్పినట్టు చెప్పారు.

దించాను. శబ్దం ఆగిపోయింది.

పాప విమానానికి నాలుగడుగుల ఇవతల నిలబడి ఉంది. ఫ్యాను తిరిగిన శబ్దానికి, పరుగు ఆపి, రెండు చేతులూ పైకెత్తి, మమ్మల్ని మెచ్చుకోమన్నట్టు చూస్తోంది.

ఇంటికి వచ్చాం. మెట్ల దగ్గర మా ఆయన, "తాకద్దని చెప్పినా గదా," అని మొదలుపెట్టారు.

"నువ్వు ఉండు," అన్నారు మామ. "మీట దించకుండా పోయిన మొగోడివి నువ్వు. ఎదవ లెక్క పెట్టినోడిని నేను. మిల్లోళ్ళ చేతికి సరిపోయేట్టు చేసినా. ఇంట్లో స్విచ్చి ఏసే చెయ్యి ఎట్ట పోతాదో చూసుకోలా."

"మరి పిడి జారి పడితే అన్నారు కదా మామా?"

"గోరంత మీట మ్మా. దానికి బరువు యాడుంది పడేదానికి?" అని, నవ్వు కాని నవ్వు నవ్వారు.

ఆ మధ్యాహ్నమే ఆయన దిశ మార్చేశారు. ఇప్పుడు పైకి తోస్తే కరెంటు పోతుంది, గోడ మీద లాగే. మళ్ళీ బల్బు తగిలించి, రిమోటు నా పక్కనే పెట్టి, "తీయి" అని ఆయన ఎప్పుడంటే అప్పుడు నన్ను కళ్ళు మూసుకుని కరెంటు తీయమన్నారు. ఒకసారి నేను గిన్నె తోముతుండగా అన్నారు. ఒకసారి పాపకు జడ వేస్తుండగా. తడి చేత్తో, నూనె చేత్తో తీశాను. ప్రతిసారీ బల్బు ఆరింది. ఆ వయసు మనిషి తన పద్ధతిని నా చేతి కోసం తిరగేసుకున్నారన్నది ఆ బల్బు కంటే ఎక్కువ ఆశ్చర్యంగా ఉండింది నాకు.

మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాం. పాప నా చంకలోనే. మా ఆయన విమానాన్ని తాటిచెట్లకంటే చాలా పైకి, కాకి అంత కనిపించేదాకా తీసుకుపోయారు.

"ఇప్పుడు నువ్వు తీయి," అన్నారు మామ నాతో.

"పడిపోతుంది మామా."

"తీసి చూడు."

మా ఆయన రెండు బొటనవేళ్ళూ పుల్లల మీద ఉంచుకుని నా వైపు కొంచెం వంగారు. నేను వేలు పెట్టి మీటను పైకి తోశాను. నాకు వినిపించని రిలే టిక్కు ఒకటి ఆకాశంలో జరిగింది. మోత ఆగిపోయింది. విమానం పడలేదు. ఏమీ జరగనట్టు, ఒక పెద్ద వంపు తిరుగుతూ, గాలి మీద కూర్చుని అలాగే ఉంది. బయలంతా ఎంత నిశ్శబ్దమైందంటే పాప ఊపిరి నా మెడ మీద వినిపించింది. అంత ఎత్తున ఉన్న ఒక వస్తువు నుంచి నేను బలమంతా తీసేసుకున్నాను, అయినా అది నెమ్మదిగా, తొందర లేకుండా, మా వైపే వస్తోంది. నోరు తెరుచుకుని చూస్తున్నానని మా ఆయన తరువాత చెప్పారు.

"ఇంక ఇయ్యే, దిగిపోతా ఉంది," అన్నారాయన.

ఇచ్చాను. మోత మళ్ళీ లేచింది. పాప నా చంకలోంచే చేతులెత్తబోయి, ఒక చెయ్యి ఇరుక్కుని, విసుక్కుంది.

అంతకుముందు వారం విమానాన్ని మామ తన స్కూటరు వెనక తాడుతో కట్టుకుని తెచ్చారు. ఆ రోజు మా మోటార్‌సైకిల్ మీద, పాపను మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని, దాన్ని నేనే పట్టుకున్నాను. బ్యాటరీ తీసేశారా అని దారిలో మూడు సార్లు అడిగాను. నాలుగోసారి అడక్కుండా, సారం మలుపులో, విమానం పొట్ట కింద చెయ్యి పెట్టి తడిమి చూసుకున్నాను. తీసేసే ఉంది. ఇంటికి తీసుకుపోయి భోజనాల బల్ల మీద పెట్టాను.