గుమ్మం మీద ఇరవై

మా మావయ్య ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేశాడు. ఆయన అరుపుకి వెనక బస్సులోవాళ్ళు కూడా దిగిపోయేవారని మా అమ్మ ఎగతాళి చేసేది. అమ్మ ఆయనకి అక్క, కుట్టుమిషను మీద మమ్మల్ని పెంచిన మనిషి. తమ్ముణ్ణి ఏమైనా అనే హక్కు తనకి పుట్టుకతో వచ్చిందని ఆమె నమ్మకం.

రిటైరైన ఏడాదే మావయ్య పరువు గంగలో కలిసింది. వరద వస్తుందని ఫోన్లో హెచ్చరిక రాగానే వీధంతా తిరిగి, "మునిగిపోతున్నాం, లేవండి!" అని అరిచాడు. జనం బీరువాలు మేడ మీదికి మోశారు. ఒకాయనకి నడుం పట్టేసింది. నీళ్ళేమో వీధి మొదటిదాకా వచ్చి, చుట్టంచూపుగా ఓ పూట ఉండి వెళ్ళిపోయాయి. అప్పట్నించి ఆయన పేరు "నాన్నా పులి".

ఇంకొకరైతే నోరు మూసుకునేవారు. మావయ్య మూడు రోజులు అలిగి, నాలుగో రోజు నా దగ్గరికొచ్చాడు.

"బస్సులో 'లోపలికి జరగండి' అని అరిస్తే ఎవరైనా జరుగుతారటే? 'నీలం చొక్కా, నువ్వు జరుగు' అంటే జరుగుతారు. నేను అందరికీ కలిపి అరిచాను. అదీ నా తప్పు."

నిజమే. "లోతట్టు ప్రాంతాలవారు అప్రమత్తంగా ఉండాలి" అని మైకు బండి ఏటా చెప్తుంది. మా వీధిలో ఎవర్నడిగినా లోతట్టంటే పక్క వీధే. పక్క వీధికి వెళ్తే వాళ్ళు మా వైపు చూపిస్తారు.

వంతెన స్తంభం మీద అడుగుల అంకెలుంటాయి. ఆ వరదలో అది పద్దెనిమిది చూపించినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో, అక్కడ గోడకి మావయ్య మేకు కొట్టాడు. తాపీమేస్త్రీని అడిగి నీళ్ళ గొట్టం తెచ్చాడు. లోపలి నీళ్ళు బయటికి కనపడే సన్నటి గొట్టం అది. రెండు కొసలూ ఎక్కడ పట్టుకున్నా నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఒక కొస నేను, ఇంకో కొస ఆయన పట్టుకుని నెలరోజులు ఇల్లిల్లూ కొలిచాం. వంతెన ఎంత చూపిస్తే ఆ గడపకి నీళ్ళు తగులుతాయో, ఆ అంకెని గుమ్మం మీద రంగుతో రాశాడు.

ఇక చూడాలి! జనం వాటిని పరీక్ష మార్కులనుకున్నారు. "ఒక్క అర కలుపు బాబాయ్" అని బేరాలు. ఎదురింటి మందుల షాపు వదినకి ఎత్తరుగు, ఆమెకి ఇరవై నాలుగు వచ్చింది. మాకు ఇరవై, వీధిలో అందరికన్నా తక్కువ. అమ్మకి ముద్ద దిగలేదు.

"దానికి ఇరవై నాలుగూ, నాకు ఇరవయ్యా?"

వారం తిరక్కుండా రంగులేసేవాణ్ణి పిలిచి, ఇరవై చెరిపించి ఇరవై అయిదు రాయించుకుంది. మావయ్య చూసి, తల గోక్కుని తన దారిన పోయాడు. అక్కతో వాదించి గెలిచిన చరిత్ర ఆయనకి లేదు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మరుసటి ఏడాది వానలు పట్టాయి. ఒకరోజు పదకొండు గంటలకి అందరి ఫోన్లూ మోగాయి. సాయంత్రానికి వంతెన దగ్గర ఇరవై మూడు అడుగులట.

ఈసారి మావయ్య అరవలేదు. ఒక్కో తలుపూ తట్టాడు. "పిన్నీ, నీది ఇరవై ఒకటి. మూడింటికల్లా నీళ్ళు గడప దాటుతాయి. మందులూ కాగితాలూ తీసుకుని బడి మేడ ఎక్కు." వదినతో మాత్రం, "నువ్వు కదలక్కర్లేదమ్మా, తాగేనీళ్ళు పట్టి ఉంచు" అన్నాడు. జనం గుమ్మం మీది అంకె చూసుకుని, మారుమాట్లాడకుండా మూటలు కట్టారు.

మా వరసలో ఆరిళ్ళవాళ్ళు మాత్రం కదల్లేదు. అన్నీ మా ఇంటితో మొదలై గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళే.

"టైలరక్కది ఇరవై అయిదు. ఒకే నేల, ఒకే వరస. మాది ఇరవై ఒకటి ఎలా అవుతుంది? నీ గొట్టమే తప్పు, నాన్నా పులీ!" అన్నారు. అలా అన్నవాళ్ళలో ఒకామె ఒళ్ళో నెలల పిల్ల ఉంది.

ఒంటిగంటన్నర అయింది. వంతెన పంతొమ్మిది దాటింది. మావయ్య మా ఇంట్లోకొచ్చాడు. అమ్మ ఏమీ ఎరగనట్టు మిషను తొక్కుతోంది.

"అక్కా, నిన్ను బతిమాలడానికి రాలేదు. నీ అంకె ఎంతో నీకు తెలుసు. నీళ్ళు గడపకి తగలగానే నువ్వెలాగూ లేస్తావు. కానీ ఆరిళ్ళవాళ్ళు నీ గుమ్మం చూసి కూర్చున్నారు."

మిషను ఆగిపోయింది. అమ్మ బయటికి తొంగిచూసింది. పసిపిల్ల తల్లి మా గుమ్మం కేసే చూస్తోంది. అమ్మ బల్లమీది కత్తెర తీసుకుని బయటికొచ్చింది. వీధంతా చూస్తుండగా గుమ్మం మీది రంగుని బరబరా గీకేసింది.

"నాది ఇరవయ్యే! పంతానికి పోయి ఇరవై అయిదు రాయించుకున్నాను. మా తమ్ముడి కొలత తప్పు కాదు, నా బుద్ధి తప్పు. లేవండే! ఆ పిల్లని ఇలా నా చేతికియ్యి!"

అమ్మ తప్పు ఒప్పుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఇరవై నిమిషాల్లో ఆరిళ్ళూ ఖాళీ అయ్యాయి. పిల్లని చంకనేసుకుని అమ్మే అందరికన్నా ముందు నడిచింది. మిషను సంగతేమిటని నేనంటే కసిరింది.

బడి మేడ మీంచి చూశాం. రెండుంబావుకి నీళ్ళు మా గడప దాటాయి. మూడింటికి పిన్ని గడప దాటాయి. అయిదింటికి ఇరవై మూడు దగ్గర వరద నిలబడిపోయింది. వదిన గడపకి అడుగు కిందే ఆగింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అంతే, మేడంతా దద్దరిల్లింది. నడుం పట్టేసిన పెద్దాయన మావయ్యని ఎత్తుకోబోతే నలుగురు పట్టి ఆపారు. మావయ్య అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, అంత సంతోషం నేనెప్పుడూ ఎరగను.

రెండు రోజులకి నీళ్ళు తీశాయి. పసిపిల్ల ఇంట్లో బురద గీత మంచం పట్టెలకి పైనే ఉంది. ఆ తల్లి గీత మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది.

సాయంత్రం తాసిల్దారు ఆఫీసునించి ఒకాయన రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. అన్ని వీధుల్లో అడిగినట్టే మా దగ్గరా తలెత్తకుండా అడిగాడు.

"గల్లంతైనవాళ్ళు, పోయినవాళ్ళు ఎంతమంది?"

అమ్మ మావయ్య భుజం పట్టుకుని జనంలోంచి ముందుకి లాగింది.

"సున్నా. పెద్దగా రాసుకోండి బాబూ. కొలిచింది మా తమ్ముడు."