బూడిద కలిసిన బూజు

మా బాబాయి జపాను నుంచి తెచ్చిన పెట్టెలో మేం ఆశపడ్డవేవీ లేవు. గడియారం లేదు, కీలుబొమ్మ లేదు, గాజు గ్లాసైనా లేదు. మందు పొట్లమంత కాగితంలో చిటికెడు పచ్చటి పొడి ఉంది. అది బూజు. బూజు కోసం సముద్రం దాటిన మనిషి మా ఏలూరు బజారులో ఆయన ఒక్కడే అయ్యుంటాడు. వానాకాలంలో మా వంటింట్లో అది ఊరికే దొరికేది.

ఈ మాటకు ఆయన నవ్వలేదు. కోబేలో రెండేళ్లు మిసో చేసేవాళ్ల దగ్గర పనిచేసి వచ్చాడు. మిసో అంటే మన పచ్చళ్లలాగే జాడీలో ఊరే ముద్ద. బియ్యాన్ని ఆవిరి మీద ఉడికించి, ఈ పొడి చల్లి, వెచ్చగా కప్పి ఉంచితే రెండు రోజుల్లో తెల్లటి బూజు అల్లుకుంటుంది. దాన్ని కోజీ అంటారు. ఉడికిన సోయా గింజల్లో కోజీ, ఉప్పు కలిపి జాడీకెత్తితే ఏడాదికి మిసో తయారు. సోయా లేకపోతే శనగలతో సరిపెట్టుకుందామన్నాడు. చిక్కల్లా పొడితోనే. అది బూజుకు విత్తనం. ఆ విత్తనం చేసే ఇళ్లు అక్కడ వేరే ఉన్నాయట, పని గుట్టు బయటివాళ్లకు చెప్పరట. పొట్లంలో ఉన్నది ఒక్క వాయికే వస్తుంది.

తాతగారు కూడా ఒక్క వాయే ఇచ్చారు. కోజీ కుదిరితే మిసో చేసుకోవడానికి వెనక గది బాబాయిది. కుదరకపోతే సోమవారం నుంచి తాడేపల్లిగూడెంలో మా బియ్యం కొట్లో కూర్చోవాలి. కూర్చోవడమే కదా అని నేను ఓదార్చాను గాని, ఆయనకు ఊరట కలిగినట్టు లేదు.

బుధవారం పొద్దున కొల్లేటి తుంగచాప మీద అన్నం ఆరబోసి, ఊపిరి బిగబట్టి పొడి చల్లాడు. విత్తనం ఎగిరిపోతుందని నన్నూ బిగబట్టమన్నాడు. పైన కప్పడానికి ఉన్ని కావాలని, తివాచీలు నేసే పక్కింటి సాయిబుగారిని అడగడానికి వెళ్తూ నన్ను గుమ్మంలో కాపలా పెట్టాడు. ఇంటరు తప్పి ఇంట్లో కూర్చున్నవాడికి అంత బాధ్యత అప్పగించడం ఆయన పొరపాటు. నేను వీధి చివర సోడా తాగి వచ్చేసరికి మామ్మ చాప దగ్గర చేతులు దులుపుకుంటోంది.

"విత్తనం అన్నాడు కదరా," అంది. "పురుగు పట్టకుండా కాస్త కట్టెల బూడిద జల్లించి కలిపాను."

కంది విత్తనమైనా, బీర విత్తనమైనా మా ఇంట్లో బూడిదలోనే దాస్తారు. ఆవిడ తన పని తాను చేసింది. నేనే నా పని చెయ్యలేదు. గబగబా చాప నాలుగు అంచులూ మడిచేశాను. బాబాయి వచ్చి పైన ఉన్ని కప్పాడు. నా జీవితంలో నోరు మూసుకుని గడిపిన రోజు అదొక్కటే. గంటకోసారి ఆయన పైనుంచి తడిమి చూసి, "వెచ్చబడుతోందిరా," అనేవాడు. మధ్యాహ్నం నాకు ముద్ద గొంతు దిగలేదు. మారు వడ్డించాక మాత్రం దిగింది.

గురువారం పొద్దున చాప విప్పాడు. అన్నమంతా బూడిద రంగు. ఎవరు కలిపారని అడిగాడు. మామ్మ తనేనంది. చూసి కూడా చెప్పలేదని నేను ఒప్పుకున్నాను. తిట్టినా బావుండేది. ఆయన వెళ్లి గూడేనికి పెట్టె సర్దుకున్నాడు.

అన్నం పారబోయడానికి మామ్మ ఒప్పుకోలేదు. నేను చాప మళ్లీ మడిచి, ఉన్ని కప్పి, అప్పుడప్పుడూ తడిమి చూస్తూ ఉన్నాను. తప్పు చేసినవాడికి ఏదో ఒక పని ఉండాలి.

ఆదివారం ఉన్ని తిరిగి కావాలని సాయిబుగారు కబురు పెడితే తీశాను. చాప నిండా పచ్చటి నూగు.

"బాబాయీ, ఇంకా పాడైంది. వచ్చి చూడు."

ఆయన వచ్చి వంగి వాసన చూశాడు. కాల్చిన పనసగింజల వాసన. లోపలికెళ్లి పొట్లం కట్టిన పాత కాగితం తెచ్చి, మడతల్లో అంటుకున్న పొడిని పక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకటే రంగు. ఆయన మళ్లీ మళ్లీ పోల్చి చూస్తుంటే నేను హాస్యమాడడం మానుకున్నాను. అంటే ఒక నిమిషం.

"వాళ్లు దాచిన గుట్టు బూడిదేరా," అన్నాడు మెల్లగా.

తాతగారు వచ్చి, కుదిరిందా అని అడిగారు. అవునంటే సరిపోయేది.

"కోజీ కుదరలేదు నాన్నగారూ. విత్తనం కుదిరింది. చాలా వాయిలకు వస్తుంది."

తాతగారు చాప వంక చూశారు, మామ్మ వంక చూశారు, సర్దిన పెట్టె వంక చూశారు.

"కొట్టు ఎక్కడికీ పోదులే," అన్నారు. "వచ్చే సోమవారం చూద్దాం."

ఆ సాయంత్రమే బాబాయి కోజీ కోసం రెండో వాయికి బియ్యం నానబోశాడు. ఈసారి బూడిద వెయ్యకూడదని మామ్మకు మూడుసార్లు చెప్పి, కాపలా కూడా ఆవిడకే అప్పగించాడు.