మోకాలి కింద సందు

ఈ ఉదయం ఒక పెద్దావిడ మోకాలి మీద అరచెయ్యి ఆనించి, "మెల్లగా కాలు చాపమ్మా" అన్నాను. చిప్ప కింద గరగర. అది చెవికి వినిపించేది కాదు, చేతికి తెలిసేది. నానని బియ్యాన్ని గుప్పిట్లో పట్టి పిసికినట్టు ఉంటుంది. నరసన్నపేటలో నేను నడిపే ఫిజియోథెరపీ క్లినిక్‌కు వచ్చేవాళ్లలో సగం మంది ఈ గరగరతోనే వస్తారు. ఆవిడ ఆయాసపడుతూ కాలు చాపుతూ వచ్చింది. ఇక నిటారు అయిపోతుందనగా, కింది ఎముక తనంతట తానే రవ్వంత బయటికి తిరిగి కుదురుగా కూర్చుంది. ఆ చిన్న మలుపుతో మోకాలు బిగుసుకుంటుంది. అందువల్లే మనిషి బస్సు కోసం గంటసేపు నిలబడగలడు, తొడ కండలకు పెద్ద శ్రమ లేకుండా. ఎన్నేళ్లుగానో రోజూ చూస్తున్నాను, అయినా ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి నాకు ఒళ్లు జలదరిస్తుంది. "ఏటమ్మా, అలగుండిపోనావు? పాడైపోనాదేటి నా మోకాలు?" అని ఆవిడ కంగారుపడింది. "లేదు మామ్మా, బంగారంలా ఉంది" అన్నాను. మా పైడయ్య మాస్టారు గుర్తొచ్చారని ఆవిడకు ఎలా చెప్పను?

మాస్టారు అన్నానని బడిపంతులు అనుకునేరు. గరివిడి పక్కన మా ఊళ్లో ఆయన రైసుమిల్లు కళాసీ, అంటే బస్తాలు మోసే మనిషి. ఏడో తరగతితో చదువు ఆపేశారు. మా వైపు కొన్ని ఊళ్లలో బరువులెత్తే పిచ్చి ఉంది, ఆడపిల్లలకు కూడా. మిల్లు వెనక రేకుల షెడ్డులో ఒక పాత బారు, కొన్ని ఇనప చక్రాలు పెట్టుకుని మాస్టారు మాకు నేర్పేవారు. ఇనుము ఎత్తేద్దామని ఉబలాటంగా వెళ్తే, మూడు నెలలు వెదురుకర్ర తప్ప చేతికి ఏమీ ఇవ్వలేదు. బుజాల మీద ఆ కర్ర పెట్టుకుని బస్కీలు తియ్యాలి. కూర్చో, లే. కూర్చో, లే. ఆయన నేల మీద చతికిలబడి మా మోకాళ్ల వైపే చూస్తూ ఉండేవారు. "ఒసే గుంటా, నీ మోకాలు లోనకి ఎల్లిపోతన్నాది. అది నీ బొటనేలికి సుట్టం కాదు, నడిమేలికి సుట్టం. అటు సూడమను" అనేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఎదురుచెప్పడంలో నేను ఊళ్లో అందరికంటే ముందుండేదాన్ని. "ఈ కర్రెత్తడానికి నానెందుకు మాస్టారూ, మా మేకెత్తుతాది" అన్నాను ఒకసారి. షెడ్డంతా ఘొల్లుమంది. ఆయన కోప్పడలేదు. "మేకా? అయితే సెప్పు, మేకకి మోకాలు ఎక్కడున్నాది?" అన్నారు.

పుట్టినప్పటి నుంచి మేకల మధ్య పెరిగినదాన్ని, నన్నా అడిగేది! ముందుకాలి మధ్యలో కణుపు చూపిస్తున్నట్టు నా చేతిని తట్టుకున్నాను. "అది దాని మణికట్టు" అన్నారు. వెనక కాలి మధ్యలో వెనక్కి వంగేది అన్నాను. "అది మడమే. మేక మునేళ్ల మీద నడుస్తాది" అన్నారు. నేను నమ్మలేదు. ఆ ఆదివారం నలుగురు ఆడపిల్లలను మాంసం కొట్టుకు తీసుకెళ్లారు. కొట్టాయన ఆయనకు పాత స్నేహితుడు. ఒక వెనక కాలు అలాగే పక్కన పెట్టి ఉంచాడు. మాస్టారు చిన్న చాకుతో తొడ చివర, దాదాపు పొట్ట దగ్గర ఉన్న అసలు మోకాలి మీద తోలుసంచిలాంటి పొరను జాగ్రత్తగా కోశారు. లోపలి నుంచి గుడ్డు తెల్లసొనలాంటిది నాలుగు చుక్కలు జారింది. "ఏలు పెట్టు" అన్నారు. పెట్టాను. అమ్మో! జీవితంలో అంత నున్నటిదాన్ని నేను అంతవరకు ముట్టుకోలేదు. తొడ ఎముక చివర రెండు గుండ్రటి బుడిపెలు, వాటి మీద ముత్యంలాంటి తెల్లటి పూత. కింది ఎముక పైభాగం మాత్రం చదునుగా ఉంది. చదును మీద గుండ్రటిది నిలవదు కదా, అందుకని రెండింటి మధ్యా నెలవంకల్లాంటి రెండు మెత్తలు, అంచున లావుగా, లోపల పల్చగా. నట్టనడుమ రెండు తాళ్లు ఒకదానికొకటి అడ్డంగా ముడిపడినట్టు వెళ్తున్నాయి, ఎముక ముందుకూ వెనక్కీ జారకుండా.

ఆయన ఆ కాలును వంచి, కింది భాగాన్ని అటూ ఇటూ తిప్పారు. తిరిగింది. ఆపైన నిటారుగా లాగి పట్టుకుని "ఇప్పుడు తిప్పు" అన్నారు. ఎంత బలం పెట్టినా కదల్లేదు. "సూసేవా? వంగినప్పుడే తిరుగుతాది. సాపినప్పుడు తాళం పడిపోతాది. వంగిన మోకాలు మీద ఒంటిని తిప్పితే ఈ మెత్త నలిగిపోతాది. దీని లోపలంచుకి రగతం రాదు. రగతం రానిది మానదు." ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతు తగ్గిపోయింది, గుడిలో మాట్లాడినట్టు. ఏడో తరగతి చదివిన మనిషికి ఇదంతా ఎలా తెలుసని అడిగాను. మిల్లులో తోటి కళాసీలు ఒకరి తరవాత ఒకరు మోకాళ్లు పోయి మూలపడుతుంటే, ఎందుకని చూడ్డం మొదలుపెట్టారట. కనపడిన ఎముకల డాక్టరునల్లా అడిగారట. ఆ రోజు ఇంటికి నడిచి వస్తూ నా కాళ్ల వైపే చూసుకున్నాను. ఇంత పని లోపల జరుగుతుంటే నాకు చీమ కుట్టినట్టయినా తెలియలేదే అని ఆశ్చర్యంతో నాకు మాట పడిపోయింది. నాకు మాట పడిపోవడం మా అమ్మకు మరీ ఆశ్చర్యం.

నాలుగేళ్లు గడిచాయి. నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా స్పోర్ట్స్ హాస్టల్ సెలెక్షన్లకు పిలుపు వచ్చింది. దొరికితే అక్కడే ఉండి, తిని, డిగ్రీ చదువుకోవచ్చు. దొరక్కపోతే చదువు ఇంటర్‌తో సరి అని నాన్న ముందే చెప్పేశాడు. మా షెడ్డు నుంచి అంతవరకు ఎవరికీ ఆ పిలుపు రాలేదు. మాస్టారు పది రోజుల ముందే నన్ను పిలిచి, "పొలంలోకి దిగకు. మడిలోకి అసలే దిగకు" అని ఒట్టు వేయించుకున్నారు. అప్పుడే ఊడ్పులు. అమ్మ కూలిజట్టులో ఒక మనిషి తక్కువైంది. ఒక్క పూటే కదా అని దిగాను. దమ్ము చేసిన మడిలో పిక్కల దాకా బురద. వంగి నాటుతుంటే గట్టు మీద నుంచి మా పిన్ని ఏదో వేళాకోళం ఆడింది. ఊరుకుంటే నేనెందుకవుతాను? చేతిలో నారుకట్టతో, కాలు పైకి తీయకుండానే, నడుము మీద గిర్రున తిరిగాను. పాదాన్ని బురద వదల్లేదు. మోకాలు వంగే ఉంది. లోపల టక్కుమంది.

రాత్రికి వాచింది. తెల్లారి మోకాలికి పట్టీ బిగించి, పైన పొడుగు ప్యాంటు వేసుకుని షెడ్డుకు వెళ్లాను. నిలబడితే కాలు పూర్తిగా నిటారు కావడం లేదు, రవ్వంత వంగే ఉంటోంది. రెండో కాలిని కూడా అంతే వంచి నిలబడ్డాను, తేడా తెలియకుండా. ఎంత తెలివో! మాస్టారు ఒక నిమిషం చూసి, "సాప మీద పడుకో" అన్నారు. పడుకున్నాను. మంచి కాలి మోకాలి కిందికి చెయ్యి పెట్టబోయారు, దూరలేదు. రెండో మోకాలి కిందికి ఆయన అరచెయ్యి మొత్తం దూరిపోయింది.

"ఈ సందేటే?"

"ఏటీ నేదు మాస్టారూ."

"మడిలోకి దిగేవా?"

ఆయన చెయ్యి అక్కడి నుంచి తీయలేదు. "మెత్త సిరిగి ఎముకల మధ్యన ఇరుక్కున్నాది. సెలెక్షన్‌కి నిన్ను తీసుకెల్లను" అన్నారు. కాళ్లావేళ్లా పడ్డాను. ఒక్కసారి ఎత్తేస్తాను, హాస్టల్‌లో చేరిపోతాను, ఆపైన మోకాలు ఏమైనా గానీ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. అప్పుడు నా నోటికి వచ్చిన మాట ఇవాళ రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. "బస్తాలు మోసుకునే కళాసీవి, నువ్వేటి డాక్టరువా?" అన్నాను. మాస్టారిని నువ్వు అన్నాను. ఆయన లేచి, మా నాన్నతో మాట్లాడి, మర్నాడు నన్ను విశాఖలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు చూసి అచ్చంగా అదే మాట చెప్పారు.

చిరుగు రక్తం అందే బయటంచు వైపే ఉండడంతో, చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి ఆ మెత్తను కుట్టారు. మూడో రోజు డాక్టరు మమ్మల్ని తన గదిలోకి పిలిచి, లోపల తీసిన వీడియో కంప్యూటర్‌లో పెట్టారు. కుర్చీ చూపించినా మాస్టారు కూర్చోలేదు. తెర మీద వెన్నెల పరిచినట్టు తెల్లటి ఎముక అంచు, నీళ్లలో మెల్లగా ఊగుతున్న సన్నటి పోగులు, నడుమ మెరుస్తున్న తాడు. ఆయన రెండు చేతులూ జోడించారు. తనకు తెలియకుండానే జోడించారు. "ఇన్నాల్లూ సచ్చిపోయిన మేక కాలు సూసి పిల్లలకి సెప్పేను బాబూ. బతికున్నది సూడ్డం ఇదే. మరొక్కపాలి ఎయ్యండి" అన్నారు. డాక్టరు మూడుసార్లు వేశారు. మూడోసారి ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. నేను కూడా చూశాను. అది నా మోకాలని, నాలో అంత అందమైన చోటు ఒకటుందని నమ్మడం కష్టమైంది.

బరువులు ఏడాది దాకా ముట్టొద్దన్నారు. హాస్టల్ వయసు దాటిపోయింది. రోజూ పొద్దున్నే షెడ్డుకు రమ్మని మాస్టారే కాలు వంచడం, చాపడం చేయించారు, డాక్టరు రాసిచ్చిన కాగితం గోడకు అంటించి. ఎన్నో వారాల తరవాత ఒక పొద్దున ఆయన నా మోకాలి కిందికి చెయ్యి పెట్టబోతే వేలు కూడా దూరలేదు. ఏడుపు ఆపుకుంటూ, "మాస్టారూ, ఆ రోజు నానన్న మాట..." అని మొదలుపెట్టాను. "ఏ మాట? నాను నీ మోకాలు సూసేను గానీ నీ నోరు సూళ్లేదు" అన్నారు. ఫిజియోథెరపీ అనే చదువు ఒకటుందని ఆ డాక్టరును అడిగి తెలుసుకున్నదీ, నాన్నను ఒప్పించిందీ ఆయనే.

మాస్టారు పోయి మూడేళ్లవుతోంది. పెద్దకర్మ నాడు ఆయన భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "నీ సెలెక్షన్‌కని తెల్ల సొక్కా కుట్టించుకున్నాడమ్మా. ఆల్లందరి ముందర నీ పక్కన నిలబడాలని. నిన్ను ఆసుపత్రికి తీసుకెల్లిన్నాడు అదే తొడుక్కున్నాడు. అదేటి అంటే, ఇంకెప్పుడు తొడుక్కుంటాన్లే అన్నాడు."

ఆ రోజు బస్సులో ఆయన పక్కనే కూర్చున్నాను. వెళ్లడానికి రెండు గంటలు, ఆసుపత్రి వరండాలో సాయంత్రం దాకా. ఆయన ఏ చొక్కా వేసుకున్నారో నాకు గుర్తు లేదు. ఎంత తలచుకున్నా గుర్తు రాదు. అంత సేపూ నా మోకాలినే చూసుకుంటూ కూర్చున్నాను.

పోయిన నెలలో కళింగపట్నం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. కానిస్టేబుల్ పరుగు పరీక్ష వారంలో ఉందట, మోకాలు వాచి ఉంది. కాలు చాపించి కింద చెయ్యి పెట్టి చూశాను. పరిగెత్తొద్దన్నాను. ఆ పిల్ల నన్ను అనరాని మాటలు అంది. అననిచ్చాను. వాళ్ల నాన్న గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, పడవ మీద వేటకెళ్లే మనిషి, ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో కూతురి సర్టిఫికెట్ల కవరు. అందులో కాగితాలు నలుగుతాయేమోనని రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను లేచి వెళ్లి ఒక కుర్చీ తెచ్చాను. "ఆ పిల్ల మోకాలు నేను చూసుకుంటాను. ముందు నువ్వు కూకో అన్నయ్యా" అన్నాను.