బోర్డు మీద లేని అక్షరం

పోయిన ఆదివారం చెన్నై పెరంబూరులో చర్చి ఆరాధన ముగిసి బయటికి వస్తుంటే, మందిరం గేటు దగ్గర శొంఠి కాఫీ అమ్మే మనిషి డబ్బా మూత తీశాడు. శొంఠి, మిరియాలు, తాటిబెల్లం కలిసిన ఆ ఘాటు తగలగానే నాకు రాజేశ్వరి మిస్ గుర్తొచ్చారు. శనివారం మధ్యాహ్నాలు ఫ్లాస్కు నిండా అదే కాఫీ తెచ్చి మా ఎనిమిది మందికీ స్టీలు గ్లాసుల్లో పోసేవారు.

ఆమె మా బడిలో లెక్కల టీచరు. తొమ్మిదో తరగతిలో చురుకైన పిల్లలకు ఒక పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లకు శనివారాలు అదనపు తరగతి నడిపేవారు. మార్కులుండేవి కావు. పాఠ్యపుస్తకంలో లేని లెక్క ఒకటి బోర్డు మీద వేసి, తాను వెనక బల్ల మీద కూర్చునేవారు. ఏడాది చివర ఇద్దరిని మాత్రం నెల రోజుల వేసవి శిబిరానికి ఎంపిక చేసేవారు. కాలేజీ అధ్యాపకులు వచ్చి పాఠాలు చెప్పే శిబిరం అది. రైలు కోచ్ ఫ్యాక్టరీలో వెల్డరుగా పనిచేసే మా నాన్న, కుటుంబ ప్రార్థనలో రోజూ ఆ శిబిరం పేరెత్తేవాడు.

నేను ఆ తరగతిలోకి ఎలా వచ్చానో నాకొక్కదానికే తెలుసు. మా చర్చి సంఘంలో బైబిలు వాక్యాలు కంఠతా చెప్పే పోటీ ఉండేది. ఐదేళ్ల వయసు నుంచీ మొదటి బహుమతి నాదే. ఒక అధ్యాయాన్ని రెండు రోజుల్లో అక్షరం పొల్లుపోకుండా అప్పగించేదాన్ని. లెక్కలనూ అలాగే పట్టాను. లైబ్రరీలో ఉన్న పాత గైడులోని నిరూపణలన్నీ రాగం పెట్టి వల్లె వేసి ఆ పరీక్ష నెగ్గాను. ఒక శనివారం తేలని లెక్కను వారమంతా గైడులో వెతికి, తర్వాతి శనివారం బోర్డు మీద గడగడా రాసేసేదాన్ని. పక్కన కూర్చునే భార్గవి తప్పు బొమ్మలు గీసి, చెరిపి, తనకు తానే నవ్వుకునేది. నన్ను చూసి, "నీ తలలో ఏముందే, టేప్ రికార్డరా?" అని ఎగతాళి చేసేది. మిస్ మాత్రం మెచ్చుకునేవారు కాదు. "సరి మా, కూర్చో" అనేవారు, అంతే. 'అమ్మా' అనడానికి 'మా' అనడం ఆమె మద్రాసు యాస.

ఒక శనివారం ఆమె ఒక చతుర్భుజం గీశారు. భుజాల మధ్య బిందువులను కలిపితే సమాంతర చతుర్భుజం వస్తుందని చూపాలి. గైడులో చదివి నాకు వచ్చిన లెక్కే. ఎప్పటిలాగే లేచి మొదలుపెట్టాను. "ఏసీ కర్ణం గీద్దాం..."

"ఆ ఏ ఎక్కడుంది మా?" అన్నారు మిస్.

తిరిగి చూశాను. బోర్డు మీద 'ఏ' అనే అక్షరమే లేదు. ఆమె మూలలకు కే, ఎల్, ఎమ్, ఎన్ అని పేర్లు పెట్టారు. పైగా బొమ్మ ఒక మూల లోపలికి వంగి, బాణపు ములికిలా ఉంది. నేను బొమ్మను చూడనేలేదు. అందరూ నవ్వారు. మిస్ నవ్వలేదు. "పరవాయిల్ల, ఏం కాదులే. కాఫీ తాగుదాం రండి" అన్నారు.

ఆ మర్నాడు సంఘంలో తప్పుల ఒప్పుకోలు ప్రార్థన అప్పుడు ఆ బాణపు బొమ్మే నా కళ్ల ముందు నిలిచింది. ఇంకొకరికి దక్కాల్సిన చోటులో కూర్చున్నానన్నది నన్ను తినేసింది. సోమవారం బడి విడిచాక స్టాఫ్‌రూముకు వెళ్లాను.

"మిస్, నేను తెలివిగలదాన్ని కాను. అన్నీ కంఠతా పట్టినవే. నా చోటు వేరేవాళ్లకి ఇచ్చేయండి."

ఆమె పేపర్లు దిద్దుతూ తలెత్తలేదు. "తెలుసు సుగుణా. రెండో వారమే తెలుసు."

"మరి ఎందుకు ఉంచినారు మిస్?"

"అంత బుర్రలో పెట్టుకొనే పిల్ల, దాన్ని ఒక ప్రశ్న అడిగితే ఎట్లుంటాదో చూడాలని." ఎర్ర పెన్ను పక్కన పెట్టారు. "మీ గుళ్లో నేర్పినారు కదా, ఏదో ఒకటి చెప్పు."

నేను ఒక కీర్తన చెప్పాను, ఊపిరి తీసుకోకుండా.

"బాగుంది. దాంట్లో నీకు అర్థం కాని మాట ఏది?"

"దేవుని మాటని అట్ల అడక్కూడదు కదా మిస్."

"ఎవురు చెప్పినారు, మీ పాస్టరు అయ్యగారా?" నేను తల అడ్డంగా ఊపాను. "నేనూ మా తాత పక్కన కూర్చొని శ్లోకాలు చెప్పినదాన్నే మా. నలభై ఏండ్లు దినమూ చెప్పినాక, ఒకనాడు ఒక మాట కాడ నిలిచిపోయినా. ఆ దినమే నేను దండం పెట్టుకొనింది. అంతకుముందు చెప్పిందంతా ఒట్టి నోరు." తర్వాత మళ్లీ పెన్ను అందుకొని, "శనివారం నువ్వు లెక్క చెయ్యొద్దు. ఏడ నిలిచిపోతావో అది మాత్రం చెప్పు. చోటు గీటు అన్నీ నేను చూసుకుంటాను" అన్నారు.

ఆ శనివారం వంగిన బొమ్మ ముందు అరగంట నిలబడ్డాను. గైడులో కర్ణం బొమ్మ లోపల ఉంటుంది. ఇక్కడ గీస్తే బయట పడుతోంది. "ఇక్కడ నిలిచిపోయాను మిస్" అన్నాను. భార్గవి లేచి వచ్చి, "బయట పడితే పడనీవే, గీసి చూడు" అంది. గీశాను. మధ్య బిందువులను కలిపిన ఎదురెదురు గీతలు రెండు, బయట పడ్డ ఆ గీతకు కూడా సమాంతరంగానే ఉన్నాయి. ఎందుకో నా మాటల్లో రాశాను, ఆరు వంకర వాక్యాలు. మిస్ వాటిని రెండుసార్లు చదివారు. "ఇది నీది" అన్నారు.

శిబిరానికి భార్గవి, ఇంకొక అమ్మాయి వెళ్లారు. "ఈ ఏడు నీకు లేదు మా, నువ్వు ఇప్పుడే కదా మొదలుపెట్టినావు" అని మిస్ నా ముఖం మీదే చెప్పారు. ఏడ్చాను. నాన్న ఆ సాయంత్రం ప్రార్థనలో శిబిరం పేరెత్తకుండా, "బిడ్డకు మంచి టీచరునిచ్చావు, స్తోత్రం" అన్నాడు. మరుసటి శనివారం మళ్లీ తరగతికి వెళ్లి, ఈసారి నాదే అయిన చోట కూర్చున్నాను.

ప్రశ్న అడిగితే విశ్వాసం తరుగుతుందని చిన్నప్పుడు భయపడ్డాను. నా విషయంలో అది అడిగిన చోటే వేరు పట్టింది. ఆ ధైర్యాన్ని నాకిచ్చింది నా మతం కాని మనిషి. దేవుడు ఎవరి చేతులతో పని చేయించుకుంటాడో మనం చెప్పలేం.

ఇప్పుడు మా మందిరం గోడకు ఒక పట్టిక వేలాడుతోంది. ఏడాదిలో బైబిలు గ్రంథమంతా చదివి ముగించేవాళ్లు రోజూ ఒక గడి నింపాలి. అందరి వరుసలూ నిండుతున్నాయి. నేను మూడు నెలలుగా ఒకే అధ్యాయంలో ఉన్నాను. "ఏమ్మా సుగుణా, చదవడం మానేశావా?" అని పాస్టరుగారు అడిగారు. "లేదండీ, ఒక వచనం దగ్గర ఉన్నాను, ఇంకా అర్థం కాలేదు" అన్నాను. ఆయన ఏ వచనమో అడిగి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.