అన్వర్ చల్లిన పన్నీరు

మొన్న బాపట్లలో ఒక పెళ్ళికి వెళ్ళాను. గుమ్మంలో ఎవరో అమ్మాయి పన్నీరు చల్లింది. చల్లటి చుక్కలు నుదుటి మీద పడగానే ఆ వాసనకు సుగుణ టీచర్ గుర్తొచ్చారు. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటే కళ్ళు చెమర్చాయి. పక్కవాళ్ళు పన్నీరు కంట్లో పడిందనుకున్నారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆవిడ తెనాలిలో తన ఇంటి వెనక వరండాలో ఆటిజం ఉన్న పిల్లలకు చిన్న బడి నడిపేవారు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. "సేవ చేద్దామని వచ్చానండి" అన్నాను కాస్త గొప్పగా. "సేవ గుడిలో చెయ్యమ్మా. ఇక్కడ స్నేహితులు కావాలి. అదిగో అన్వర్, వెళ్ళి పక్కన కూర్చో. పలకరించలేదని అలగకు" అన్నారు.

అన్వర్‌కు ఇరవై ఏళ్ళుంటాయి. రేపల్లె నుంచి రోజూ వాళ్ళమ్మతో రైల్లో వచ్చేవాడు. మాటలు బాగా తక్కువ. ఎవరైనా ముట్టుకుంటే కేకలు పెట్టేవాడు. మొక్కలకు నీళ్ళు చల్లమంటే మాత్రం ప్రాణం లేచొచ్చేది. కొన్నాళ్ళకు నన్ను చూడగానే కొంచెం జరిగి బల్ల మీద చోటివ్వడం మొదలుపెట్టాడు. డిగ్రీ పట్టా చేతికొచ్చినప్పుడు కూడా నాకంత సంబరం కలగలేదు.

ఒకరోజు వాళ్ళమ్మ దిగాలుగా వచ్చింది. అన్వర్ చెల్లెలు రేష్మాకు బాపట్ల సంబంధం కుదిరింది. "పెళ్ళినాడు వీణ్ణి ఇక్కడ ఉంచుకుంటారా టీచరమ్మా? జనం మీద పడితే అరుస్తాడు. మగపెళ్ళివాళ్ళ ముందు ఎట్లా? రేష్మా ఏమో అన్న ఉండాల్సిందేనని ఏడుస్తోంది."

"సొంత చెల్లి పెళ్ళికి అన్న లేకపోవడమేంటమ్మా? వాడికో పని అప్పజెబుదాం" అన్నారు టీచర్.

మర్నాటి నుంచి బడి గుమ్మంలో అన్వర్, చేతిలో పన్నీరు బుడ్డి. లోపలికొచ్చే ప్రతివారి మీదా చల్లాలి. చల్లించుకునేవాళ్ళు కాస్త దూరంలో ఆగుతారు కాబట్టి వాడికీ హాయి. పాలవాణ్ణీ వదల్లేదు, పక్కింటి మామ్మగారినీ వదల్లేదు. మేమంతా రోజంతా గుబాళిస్తూ తిరిగేవాళ్ళం.

రేపల్లెలో పెళ్ళినాడు అన్వర్ షేర్వానీ వేసుకుని దర్జాగా నిలబడ్డాడు. ఒకసారి చల్లినవాళ్ళకు మళ్ళీ చల్లక్కర్లేదని నేర్పడం మాత్రం మేం మరిచిపోయాం. పెళ్ళికొడుకు మేనమామకు సిగరెట్టు అలవాటు. బయటికెళ్ళి వచ్చినప్పుడల్లా ఆయనకు స్నానమే. చివరికి తడిసిన చొక్కాతో గుమ్మంలో ఆగి, "ఎవరీ అబ్బాయి?" అన్నారు గట్టిగా. అన్వర్ వాళ్ళమ్మ ముఖం పాలిపోయింది.

"పెళ్ళికూతురి అన్నయ్యండి. పన్నీరు లేకుండా ఎవరినీ లోపలికి పోనివ్వడు" అన్నారు టీచర్, ఏమాత్రం తొణక్కుండా.

ఆయన ముఖం తుడుచుకుని నవ్వేశారు. "ఇంత మర్యాద మా ఊళ్ళో కూడా లేదండి. నాచేత సిగరెట్టు మాన్పించేట్టున్నాడు." వాళ్ళమ్మ అక్కడే గోడకానుకుని కూర్చుండిపోయింది. మేం గెలిచామని నాకు గంతులేయాలనిపించింది.

సాయంత్రం అప్పగింతలయ్యాక రేష్మా ఏడుస్తూ గుమ్మం దాటింది. అన్వర్ చల్లలేదు. వాడికి తెలిసినంతలో పన్నీరు లోపలికి వచ్చేవాళ్ళకే. ఆ సంగతి చెల్లికి తెలుసు. వెనక్కి రాకూడదమ్మా అని ఎవరో వారిస్తున్నా వినకుండా తిరిగి లోపలికి అడుగుపెట్టి, అన్నకు కాస్త దూరంలో ఆగింది. అన్వర్ బుడ్డిలో ఉన్నదంతా ఆమె మీద చల్లేశాడు. "రేష్మా వచ్చింది" అన్నాడు.

టీచర్ పోయాక ఆ బడి నేను నడుపుతున్నాను. ఇంట్లో పెళ్ళి ఉంది, ఆ ఒక్కరోజు పిల్లాణ్ణి ఇక్కడ ఉంచుకోమని ఎవరైనా అడిగితే ఒప్పుకోను. పెళ్ళిలో వాడికి ఏ పని ఇస్తున్నారో చెప్పమంటాను.