తొంభై తొమ్మిదో రోజు పగులు

విమానాల చక్రాల కాళ్లలో పగుళ్లు వెతకడమే ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఇంట్లో టీ కప్పునైనా వెలుతురుకెత్తి చూసి గానీ తాగడని భార్య దెప్పుతుంది. షెడ్డులో అందరూ ఆయన్ని 'భూతద్దం' అంటారు.

లోపమన్నది బయటపడకుండా రేపటితో వంద రోజులు నిండుతాయని మేనేజరు సభ ఏర్పాటు చేశాడు, బ్యానరు కూడా కట్టించాడు. సరిగ్గా అప్పుడే భూతద్దం ఒక విమానం కాలికి ఎర్రరంగు పూసి, శుభ్రంగా తుడిచి, తెల్లపొడి చల్లాడు. పొడి మీద వెంట్రుకంత ఎర్రగీత తేలింది.

మేనేజరు పరుగున వచ్చాడు. "పైపైన గీసుకుపోయిందేమోనయ్యా!"

"అలాగైతే తుడిస్తే రంగు పోయేది సార్. పగులు కాబట్టే లోపల దాక్కున్న రంగు పైకొచ్చింది."

"పోనీ, ఎల్లుండి కనిపెట్టకూడదూ?"

"ఇది రేపు పొద్దున్నే ఎగురుతుంది సార్. ఎక్కేవాళ్లని కూడా ఎల్లుండే రమ్మందామా?"

నిబంధన ప్రకారం భూతద్దం విమానం ఎగరకూడదని ఎర్రచీటీ కట్టి సంతకం పెట్టాడు. కాలు విప్పి చూస్తే పగులు సగందాకా పాకి ఉంది.

సభ మాత్రం ఆగలేదు. బ్యానరు మార్చి, 'ప్రమాదం తప్పించిన మేనేజరుగారికి అభినందనలు' అని రాయించారు. చప్పట్ల మధ్య ఆయన జ్ఞాపిక అందుకున్నాడు. భూతద్దానికి సంజాయిషీ నోటీసు అందింది, సభకు రానందుకు. అప్పుడాయన ఇంకో విమానం కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నోటీసు వెనకవైపు "పనిలో ఉన్నాను" అని రాసి, రంగు చేతులతోనే తిప్పి పంపాడు.